రెండు సింగిల్ పరుపులు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ పరుపులక్క. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన ఆమె కన్నా పదేళ్ళు పెద్ద, ఆయన కూడా అక్కా అనే పిలుస్తాడు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత అందులో ఉన్న సుఖం తెలిసొచ్చింది. అక్క అన్నాక, ఒంటరి ఆడదాని దుకాణం కదా అని ఎవడూ వెకిలిగా నవ్వడు, వచ్చిన పని చూసుకుని పోతాడు. కాకపోతే ఆ పిలుపుకు ఇంకో గుణం కూడా ఉంది. అక్క అయిపోయిన మనిషికి ఒళ్ళంటూ ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. కొన్నాళ్ళకు ఆ మనిషి కూడా మర్చిపోవాలని లోకం ఆశ. పరుపులక్కకు నలభై ఏడేళ్ళు వచ్చినా ఆ సంగతి గుర్తుంది. ఆమె కష్టమంతా అక్కడే మొదలైంది.

దుకాణం వెనక గదిలో దూది ఏకే మిషను. ముందు గదిలో చుట్టలు చుట్టిన చారల గుడ్డలు, పీచు షీట్లు, ఫోము ముక్కలు, వాటి మధ్య ఒక మంచం. మేడ మీద రెండు గదుల్లో ఆమె కాపురం. ఒక్క మనిషి ఉండేదాన్ని కాపురం అనొచ్చో అనకూడదో ఆమెకూ తెలియదు.

పడుకుని చూడందే పరుపు అమ్మకూడదన్నది వాళ్ళ నాన్న పెట్టిన నియమం. ఆయన పోయాక దుకాణంతో పాటు ఆ నియమమూ ఆమెకే వచ్చింది. అన్నయ్య బ్యాంకు ఉద్యోగి, అతనికి దూది పడదు, తుమ్ములు. కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్ళాల్ని ఆ మంచం దగ్గర నిలబెడితే చాలు, వాళ్ళ సంసారం సగం తెలిసిపోయేది. మగాయన పరుపును పిడికిలితో నాలుగు గుద్దులు గుద్దుతాడు, అదేదో తప్పు చేసినట్టు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అంచున కూర్చుంటుంది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "ఆయనకి ఎలా కావాలంటే అలాగే" అంటుంది. అప్పుడు పరుపులక్క మగాయన్ని దూది చూసి రమ్మని వెనక గదిలోకి పంపించి, మిషను ఆన్ చేయించేది. ఆ చప్పుడుకు అవతలి మాట ఇవతలికి వినపడదు. ఆవిడ మెల్లగా వాలి, కళ్ళు మూసుకుని, అప్పుడు నోరు విప్పేది.

ఆ కాసేపట్లో పరుపులక్క విన్నవి ఇన్నీ అన్నీ కావు. ఒకావిడ వెడల్పు పెంచమంటుంది, ఆయన చెయ్యి తన మీద పడకుండా. ఇంకొకావిడ వెడల్పు తగ్గించమంటుంది, ఆయన కాస్త దగ్గరికి జరగాలని. ఒకసారి ఒక మగాయన ఒక్కడే వచ్చి, తలుపు వైపు రెండుసార్లు చూసుకుని, "మా ఆవిడకి వేరే, నాకు వేరే కుట్టండి. నేను నిద్రపోవాలండీ, ఆవిడ పోనివ్వదు" అని దండం పెట్టినంత పని చేశాడు. ఆడవాళ్ళకు ఆశే ఉండదు, మగవాళ్ళకు ఆశ తప్ప ఇంకేమీ ఉండదు అని లోకం కూసే కూతలు ఆ మంచం దగ్గర చెల్లవు. అది పరుపులక్కకు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? ఊరందరి సంగతి తెలిసినా, తన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పెగిలేది కాదు.

గొంతు అలా పడిపోవడానికి కారణం ఉంది. ఇరవై నాలుగో ఏట ఆమెకు పెళ్ళయింది. భర్త సర్వే ఆఫీసులో గుమస్తా, చూడ్డానికి చక్కటివాడు. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కిటికీ తెర జరిపి, ఆమే మొదట అతని వైపు ఒత్తిగిలి చొక్కా గుండీ మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నావ్ ఇవన్నీ?" అన్నాడు. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకే ఆమెకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత అతను రమ్మన్నప్పుడు రావడమే గాని, తనంతట తాను ఎన్నడూ చెయ్యి చాచలేదు.

ఆరేళ్ళకు అతను ఇంకొకావిడతో వెళ్ళిపోయాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఆమె ఏ తప్పూ చెయ్యలేదని అందరూ ఒప్పుకున్నారు, ఒప్పుకుంటూనే అతన్నీ వెనకేసుకొచ్చారు. "మగాడు కదమ్మా, ఇంట్లో లేనిది బయట వెతుక్కున్నాడు" అన్నారు. ఇంట్లో లేనిదేమిటని ఎవరో అడిగితే అతను తల దించుకుని, "రాయిలా పడుంటుంది" అన్నాడు. చూశారా చోద్యం! ఎక్కడ నేర్చుకున్నావన్న నోటితోనే రాయి అన్నాడు. రాయిని చేసిందెవరయ్యా అని అడగడానికి ఆ గదిలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆమెకూ రాలేదు. అతను పోయినందుకు ఏడ్చినదాని కన్నా, ఆ మాట అడగలేకపోయినందుకు ఆమె ఎక్కువ ఏడ్చింది.

ఇక కళ్ళజోళ్ళాయన సంగతి. రెండేళ్ళ కిందట పరుపులక్కకు దబ్బనంలోకి దారం ఎక్కడం మానేసింది. పరుపు కుట్టే దబ్బనం కన్ను పెద్దదే, అందులోకే ఎక్కట్లేదంటే ఇక చూపు పని చూడాలని వీధి మలుపులో ఉన్న కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది. షాపు ఆయన భార్య చాలా కాలం మంచాన పడి, ఎనిమిదేళ్ళ కిందట పోయింది. మనిషి నెమ్మది. చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా వెలుగుతున్న అక్షరాల పలక చూపించి, అద్దం మార్చి మార్చి "ఇది బావుందా, ఇదా?" అని అడిగాడు. అలవాటు కొద్దీ "ఏదైనా పర్వాలేదండీ" అంది. ఆయన ఆగిపోయాడు. "పర్వాలేదంటే కుదరదండీ. చూసుకోవాల్సింది మీరు. తొందరేం లేదు, బాగా చూసి చెప్పండి" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత జోడు తయారైంది. ఆయన దాన్ని ఆమె ముఖానికి పెట్టి, రెండు చేతుల వేళ్ళతో చెవుల వెనక సరిచేశాడు. బిగుతుగా ఉందా అని అడిగాడు. ఆమె లేదంది. నిజానికి ఆయన ఏమడిగాడో ఆమెకు సరిగ్గా వినపడలేదు. చెవి వెనక అంత ప్రాణం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చి కుట్టిన పరుపుకు ఒక అంచు వదిలేసి, మళ్ళీ విప్పి కుట్టింది.

ఆ జోడు స్క్రూ వారం తిరగకుండానే వదులైంది. ఎలా వదులవుతుందో దబ్బనం మొనకు తెలుసు, పరుపులక్కకు తెలుసు. మళ్ళీ నెల తిరక్కముందే వదులైంది. మూడోసారి ఆయన స్క్రూ వంకా ఆమె వంకా చూసి, "కొత్త ఫ్రేము, ఇలా వదులవకూడదే" అన్నాడు. ఆమె ముఖం కందిపోయింది. ఆయన దాన్ని బిగించి, ముఖానికి పెట్టి, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా చెవుల వెనక సరిచేసి, "మళ్ళీ వదులైతే మొహమాటపడకుండా తీసుకురండి" అన్నాడు. అలా రెండేళ్ళు ఆ జోడుకు జరిగినంత రిపేరు ఆ షాపులో ఏ జోడుకూ జరగలేదు. కబుర్లు పెరిగాయి. టీలు పెరిగాయి. చివరకు ఒకరోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పద్ధతిగా ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళి, పెళ్ళి చేసుకుంటానని అడిగాడు.

అన్నయ్య తుమ్మి, సంతోషం అన్నాడు. మాట్లాడవలసిందంతా వదిన మాట్లాడింది. వదిన మనసు మంచిదే, మాటే కాస్త ఎక్కువ. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, మంచం మీద చతికిలబడి, టీ తాగుతూ మొదలుపెట్టింది.

"బంగారంలాంటి మనిషే. ఈ వయసులో నీకో తోడు. అన్నిటికన్నా ముఖ్యం, నిన్ను ఏ ఇబ్బందీ పెట్టడు. అది కూడా కనుక్కున్నా."

"ఏ ఇబ్బంది?"

"అదేనే. నోటితో చెప్పాలా? నేనే మాటల్లో పెట్టి చెప్పేశాలే. మా ఆడపడుచుకి అలాంటి ఆలోచనలేం లేవండీ, ఎప్పుడో చల్లబడిపోయింది, మీరు నిశ్చింతగా ఉండండి అని. వెంటనే తల ఊపాడు. ఎంత మర్యాదో!"

పరుపులక్కకు తాగుతున్న టీ పొలమారింది. వదిన లేచి నెత్తిన తట్టింది. అనాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అంటే వదిన ముఖం ఎలా మారుతుందో కూడా కళ్ళకు కట్టింది. మింగేసింది. రోజంతా ఒకటే ఆలోచన. ఆయన తల ఊపింది మర్యాదకా, మనసారానా? మర్యాదకైతే ఫర్వాలేదు. మనసారా అయితే, తను ఇంకో ఇరవై ఏళ్ళు అక్కగానే బతకాలి, కాకపోతే ఒక మగాడి ఇంట్లో.

ఫోనులో చిన్న మెసేజ్ పెట్టి అడిగేస్తే పోలా అనుకుంది. ఆ సాయంత్రం వదిన కూతురు దిళ్ళలోకి దూది కూరడానికి సాయం వచ్చింది. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు, ఫోనులోనే పెళ్ళికొడుకుల్ని చూసుకుంటోంది. బొటనవేలితో ఒక్కొక్కణ్ణి పక్కకు తోసేస్తూ ఉంటుంది. పొట్టివాడు వద్దు, అమ్మ చాటు బిడ్డ వద్దు, అద్దం ముందు నిలబడి కండలు చూపించేవాడు అసలే వద్దు.

"ఇందులో ఎవరైనా నచ్చితే నువ్వే ముందు పలకరిస్తావా?" అని పరుపులక్క ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అమ్మో, ముందు మనం పెట్టకూడదత్తా. చులకనైపోతాం. వాళ్ళు పెట్టాలి, మనం ఒకరోజు ఆగి జవాబివ్వాలి. వెంటనే ఇచ్చినా చులకనే."

"మొన్న ఒకబ్బాయి మంచివాడన్నావు?"

"వాడా?" మేనకోడలు మూతి తిప్పింది. "మంచివాడే. నాలుగుసార్లు కలిశాం, కనీసం చెయ్యి కూడా పట్టుకోలేదు. అడిగితే, మెల్లగా వెళ్దాం, నాకు తొందర లేదు అన్నాడు. మగాడై ఉండి తొందర లేదేంటత్తా? ఏదో తేడా ఉంది. వదిలేశా."

"తొందరపడితే?"

"తొందరపడితే వెధవ కదా, వాణ్ణీ వదిలేస్తాం."

"అయితే ఎవడు మిగులుతాడే?"

మేనకోడలు దూది పట్టుకుని కాసేపు ఆలోచించి, పకపకా నవ్వింది. పరుపులక్కా నవ్వింది గాని లోపల దిగులేసింది. పెళ్ళయిన కొత్తలో ఆ ఆదివారం మధ్యాహ్నం తను పడ్డ మాటనే ఈ పిల్ల రూల్స్ అని పేరు పెట్టుకుని, ఫోనులో పెట్టుకు తిరుగుతోంది. ఆ రాత్రి మెసేజ్ ఏదీ వెళ్ళలేదు.

ఇక పై వారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలనగా, కళ్ళజోళ్ళాయన దుకాణానికి వచ్చాడు. తన ఇంట్లో పడకగది కొలతలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. నియమం నియమమే కాబట్టి చెప్పులు విడిచి, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకున్నాడు, ఆపరేషనుకు తీసుకెళ్ళేవాడిలా. పరుపులక్కకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా. ఆ పక్కన కాస్త ఖాళీ ఉంది. ఒక్క క్షణం తనూ అక్కడ వాలితే ఎలా ఉంటుందో అనుకుని, టేపు చేతిలోంచి జారవిడిచింది.

"గట్టిగానా, మెత్తగానా?" అని అడిగింది.

"నాకు మధ్యరకం చాలండి. మీది మీ ఇష్టం." ఆయన పైకప్పు వంక చూస్తూనే అన్నాడు. "రెండు సింగిల్స్ కుట్టండి. ఆ గోడకొకటి, ఈ గోడకొకటి పడతాయి. మధ్యలో బల్ల వేసుకోవచ్చు. మీకు ఏ ఇబ్బందీ ఉండకూడదు."

ఆమె ఇన్నేళ్ళు ఎన్నో ఆర్డర్లు తీసుకుంది గాని, తన పెళ్ళికి తనే రెండు ఒంటి పరుపులు కుట్టుకోవాల్సిన ఆర్డరు ఏ పరుపులామెకూ వచ్చి ఉండదు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఎంత గౌరవంగా అన్నాడో! ఆ గౌరవమే ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

"సరే" అంది.

ఆయన వెళ్ళాక తనను తనే తిట్టుకుంది. అయినా చారల గుడ్డ పరిచింది, సుద్దముక్కతో గీత గీసింది, ఒక పరుపుకు గుడ్డ కత్తిరించింది. దూది నింపడం మొదలుపెట్టింది. పని సాగలేదు. మూలలకు దూది సరిగ్గా పోలేదు, ఒకచోట గుట్టగా, ఒకచోట గుంటగా వచ్చింది. చెయ్యి తిరిగిన మనిషి, కొత్తగా నేర్చుకునేదానిలా కుట్టింది. దబ్బనం వేలికి గుచ్చుకుంది. చివరకు కత్తెర విసిరేసి ఆ సగం పరుపు మీదే కూర్చుని ఏడ్చింది. పెళ్ళి ముందు ఆనందబాష్పాలనుకుని వీధిలో పోయేవాళ్ళు నవ్వుతూ పోయారు.

ఆ సమయానికే దుప్పట్లు పట్టుకుని వదిన దిగింది.

"ఏమైందే?"

"నా తరఫున ఆ మాట చెప్పడానికి నువ్వెవరు వదినా?" పరుపులక్క ఒక్కసారిగా బద్దలైంది. "చల్లబడిపోయానని నీకు ఎవరు చెప్పారు? నన్ను అడిగావా?"

వదిన ముక్కున వేలేసుకుంది. "ఈ వయసులో ఇదేం మాటే?"

"ఈ వయసులో ఆకలేస్తోంది, నిద్రొస్తోంది, కోపమొస్తోంది. అవన్నీ రావొచ్చు గాని ఇదొక్కటీ రాకూడదా?"

వదిన తలుపు దగ్గరగా వేసి వచ్చింది. చెడామడా తిడుతుందని పరుపులక్క అనుకుంది. వదిన తిట్టలేదు. దుప్పట్లు ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున, పరుపు కొనడానికి వచ్చే ఆడవాళ్ళు కూర్చున్నట్టే కూర్చుంది.

"నాకెప్పుడూ రాలేదే" అంది మెల్లగా. "పెళ్ళయిన కొత్తలోనూ లేదు. మీ అన్నయ్య మంచివాడే, నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా లైటు ఆర్పితే చాలు నాకు గుబులు పట్టుకునేది. నా మానాన నన్ను వదిలేసి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మగాడైతే నెత్తిన పెట్టుకుందును కదా అనుకునేదాన్ని. ఆడవాళ్ళందరికీ ఇంతే అనుకున్నా. నాకు దొరకనిది నీకు తెచ్చి పెట్టాననుకున్నా."

పరుపులక్క కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. వదిన తన మీద పెత్తనం చేసిందనుకుంది. కాదు, తన దగ్గరున్న కలల్లో అన్నిటికన్నా మంచిది తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది. అది ఈమెకు సరిపడని కల కావడం ఆవిడ తప్పు కాదు.

"అన్నయ్యకి ఈ సంగతి చెప్పావా ఎప్పుడైనా?"

"మగాడికి ఎలా చెబుతామే?"

"నేను రేపు చెప్పబోతున్నా. ప్రాణాలతో తిరిగొస్తే నువ్వూ చెప్పు."

వదిన నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "ఆయన వద్దంటేనో? ఇదేం ఆడదని లేచిపోతేనో? ఈ పెళ్ళి పోతే నీకు ఇంకోటి రాదే. ఆలోచించుకో."

"రాదు, తెలుసు" అంది పరుపులక్క.

మర్నాడు మధ్యాహ్నం, ఆయన భోజనానికని షట్టరు సగం దించే వేళకు ఆమె షాపులో అడుగుపెట్టింది. షాపు నిండా అద్దాలు. ఎటు చూసినా తన ముఖమే, అందులో భయమే. అక్కడ నోరు పెగలదని అర్థమై, "కళ్ళు పరీక్ష చెయ్యాలి" అంది. మొన్ననే కదా చేసింది అంటూనే ఆయన చీకటి గది తలుపు తీశాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అక్షరాల పలక ఒక్కటే వెలుగుతోంది. ఆయన అద్దాల పెట్టె తెరవబోయాడు.

"అవేం వద్దండీ. మీరూ కూర్చోండి. నా వంక చూడకండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రెండు పరుపులు నేను కుట్టను."

"పెళ్ళి ఇష్టం లేదా?" అన్నాడు.

"పెళ్ళి ఇష్టమే. పరుపులే ఇష్టం లేదు." ఇక ఆగితే మళ్ళీ నోరు రాదని ఆమె గబగబా చెప్పేసింది. "మా వదిన మీకు చెప్పింది నిజం కాదు. నేనేం చల్లబడలేదు. మీరంటే నాకిష్టం. కబుర్లకి మాత్రమే కాదు. కబుర్లకైతే నాకు రేడియో ఉంది. జోడు పెట్టేటప్పుడు మీ వేళ్ళు తగిలితే ఆ రోజంతా నాకు పని సాగదు. ఆడదై ఉండి ఇలాంటి మాట అంటోందేమిటని మీకు రోతగా ఉంటే ఇప్పుడే చెప్పేయండి, లేచి వెళ్ళిపోతాను. లోపల పెట్టుకుని, పైకి మర్యాదగా మాత్రం ఉండకండి. అది ఒకసారి పడ్డాను, మళ్ళీ పడలేను."

ఆయన అద్దాల పెట్టెను పక్కకు జరిపాడు. అయిపోయింది అనుకుంది పరుపులక్క. అయినా చిత్రంగా, చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. లేవబోయింది.

"కూర్చోండి" అన్నాడు ఆయన. "మీ వదినగారు ఆ మాట చెప్పినప్పుడు నేను తల ఊపాను. ఎందుకో తెలుసా?"

"మర్యాదకి."

"కాదండీ. హమ్మయ్య అనుకుని."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. ఆయన పలక వంకే చూస్తూ, ఒక్కో మాట కూడదీసుకుంటూ చెప్పాడు.

"మా ఆవిడకి చివరి రోజుల్లో అన్నీ నేనే చేశాను. స్నానం, బట్టలు, పక్క మార్చడం. ఆ తర్వాత నా ఒంట్లోంచి ఆ ఆశ ఎటో వెళ్ళిపోయింది. ఎప్పుడైనా వచ్చినా తలుపు దగ్గరే నిలబడి పోతుంది. స్నేహితులేమో, ఒంటరిగా ఎలా ఉంటున్నావురా మగాడివి అని కన్ను కొడతారు. నేనూ కన్ను కొడతాను. ఏం చెయ్యను? మగాడికి ఇలా ఉంటుందని ఎవరితో చెప్పుకుంటాను? మీరొచ్చిన రోజున నాకు సంతోషంగా ఉంటుంది. చెయ్యి తగిలితే నాకూ బావుంటుంది. కానీ పెళ్ళయ్యాక, నేను పనికిరానని మీకు తెలిస్తే? మీకు ఇబ్బంది ఉండకూడదన్నాను చూడండి, అది అబద్ధం. ఆ రెండు పరుపులు నా కోసమే."

పరుపులక్క రెండు జవాబుల కోసం సిద్ధపడి వచ్చింది. ఛీ అంటే లేచిపోవడానికి, సరే అంటే సిగ్గుపడడానికి. ఈ జవాబు ఆమె ఊహకు అందలేదు. మగాడికి ఆశ లేదంటే తను నచ్చకే అయి ఉంటుందని నిన్నంతా ఏడ్చింది. ఆయనకూ భయముండొచ్చని ఒక్కసారైనా తోచిందా? అన్నేళ్ళు ఆ మంచం దగ్గర నిలబడి అందరి మాటలూ విన్నదే! మేనకోడలు ఆ అబ్బాయిని ఏ తూకం వేసిందో, తనూ ఈయన్ని ఆ తూకమే వేసింది. ఆమెకు సిగ్గేసింది. దాని వెనకే ఆయన మీద ఎక్కడలేని జాలి, ప్రేమ ముంచుకొచ్చాయి.

"ఒక్కటి చెప్పండి" అంది. "ఇష్టం లేదా, భయమా? రెండూ ఒకటి కాదు. ఇష్టం లేకపోతే నేను బలవంతం చెయ్యను, పెళ్ళీ వద్దు, ఎప్పట్లా టీ తాగుదాం."

ఆయన తొందరపడలేదు. తనలోకి తను బాగా చూసుకుని చెప్పాడు.

"భయమేనండీ."

"అయితే పక్కన పడుకుని భయపడండి."

ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"ఆ గోడకు మీరు, ఈ గోడకు నేను పడుకుని ఎవరి భయం వాళ్ళు పడ్డానికైతే పెళ్ళెందుకు చెప్పండి? నాకేం తక్కువ భయమా? ఇప్పుడు కాళ్ళు ఎలా వణుకుతున్నాయో మీకు తెలియదు. ఏమీ జరగకపోతే జరగకపోనివ్వండి. మీరు పనికిరారని నేను ఎవరికీ చెప్పను, నేను ఆత్రగత్తెనని మీరు ఎవరికీ చెప్పకండి. కానీ నిద్రలో చెయ్యి చాస్తే నాకు మనిషి తగలాలి. అంతకు తక్కువైతే నాకొద్దు."

ఆయన మళ్ళీ పలక వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమో అనిపించింది గాని, చూడొద్దని తనే అంది కాబట్టి తనూ చూడలేదు. కాసేపటికి స్టూలు కిర్రుమంది. ఆయన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతి మీద ఆగింది. చల్లగా ఉంది. ఆమె తన అరచేతిని పైకి తిప్పి దాన్ని పట్టుకుంది. ఇరవై మూడేళ్ళ తర్వాత తనే చెయ్యి కలిపింది, ఆ చెయ్యిని ఎవరూ వింతగా చూడలేదు.

"డబులే కుట్టండి" అన్నాడు ఆయన. "గది చిన్నది, మంచం గోడకి చేర్చి వెయ్యాలి. మరి మీకు ఏ వైపు కావాలి? గోడ వైపా, ఇటు వైపా?"

ఊళ్ళో వాళ్ళందరికీ పరుపులు కుట్టిన మనిషి. తనకు ఏ వైపు కావాలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె బాగా ఆలోచించుకుంది.

"మధ్యలో" అంది.